నా ముఖం, ఇంకొకరి గొంతు

(యూసుఫ్‌గూడలో పిల్లల వేసవి పాటల తరగతులు ముగిసిన రోజు, పిల్లలతోనూ వాళ్ళ అమ్మానాన్నలతోనూ ఒక గాయని మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్ళు ముందుకి వచ్చేయండి, ఇక్కడ జంపఖానా మీద ఇంకా చోటుంది. పిల్లలూ, మీరు నాకు కనబడేటట్టు కూర్చోండి. నేను మాట్లాడేది ముఖ్యంగా మీతోనే. అమ్మానాన్నలు కూడా వినండి, మధ్యలో మీతోనూ పనుంది.

పోయిన నెల ఒకావిడ ఫోన్ చేశారు. "మేడం, మా పాప రెండు సీరియల్స్ చేసింది. ఇప్పుడు పదమూడు వచ్చాయి. అటు చిన్నపిల్ల వేషాలకీ పనికిరావడం లేదు, ఇటు పెద్ద వేషాలకీ పనికిరావడం లేదు. పాటల్లోకి తీసుకెళ్దాం అనుకుంటున్నాం. ఎన్ని నెలలు పడుతుంది?" అన్నారు. నేను, "పాప ఏమంటోందమ్మా?" అని అడిగాను. "పాప స్కూల్‌కి వెళ్ళింది మేడం" అన్నారు.

ఆవిడ మీద నాకు కోపం రాలేదు. ఎందుకంటే ఆ ఫోన్‌లో నాకు మా అమ్మ గొంతు వినిపించింది. ఇరవై ఏళ్ళ క్రితం మా అమ్మ కూడా ఎవరెవరికో ఫోన్ చేసి ఇదే అడిగింది. ఆవిడ అడిగిన ప్రశ్నకి ఫోన్‌లో జవాబు చెప్పలేకపోయాను. ఇవాళ మీకు చెప్పే ప్రయత్నం చేస్తాను.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్న టైలర్. సినిమాల్లో కాస్ట్యూమ్స్ పని దొరికిందని కృష్ణానగర్ వచ్చాం. ఒక గది, బయట రేకుల వంటిల్లు. కింద పోర్షన్‌లో ఒక కో-ఆర్డినేటర్ గారుండేవారు, షూటింగులకి జూనియర్ ఆర్టిస్టులని పంపించేవారు. నాకు ఏడేళ్ళప్పుడు ఆయనే తీసుకెళ్ళారు. మొదట బర్త్‌డే పార్టీ సీన్‌లో గుంపులో ఒక పిల్లని. తర్వాత ఒక సీరియల్‌లో హీరోయిన్ కూతురిని.

సీరియల్ సెట్ ఎలా ఉంటుందో మీలో కొంతమందికి తెలుసు. డైలాగ్ పేపర్ పొద్దున వస్తుంది. ఒక్కోసారి షాట్ ముందు వస్తుంది. బట్టీ పట్టే టైం ఉండదు. పక్కన ప్రాంప్టర్ నిలబడి గట్టిగా చెబుతూ ఉంటాడు, ఆయన అన్నమాట మనం అంటాం. "అమ్మా" అంటాడు, "అమ్మా" అంటాం. "నాన్న ఎప్పుడొస్తాడు" అంటాడు, "నాన్న ఎప్పుడొస్తాడు" అంటాం. ఏడవమంటే ఏడుస్తాం, ఏడుపు రాకపోతే గ్లిజరిన్. నాకు అదంతా ఇష్టంగానే ఉండేది, అబద్ధం చెప్పను. లైట్లు, మేకప్, అందరూ పాపా పాపా అనడం, ప్రొడక్షన్ వాళ్ళ టిఫిన్. ఇష్టంగానే ఉండేది.

మొదటి ఎపిసోడ్ వచ్చిన రోజు మా గదిలో పద్ధెనిమిది మంది కూర్చున్నారు. ఊరి నుంచి నానమ్మ కూడా వచ్చింది. నేను టీవీలో కనబడ్డాను. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నోరు తెరిచాను. ఎవరిదో గొంతు వచ్చింది. నానమ్మ నా వైపు తిరిగి, "ఇదేంటే, ఇది నీ గొంతు కాదుగా?" అంది.

ఎవరూ నాకు ముందు చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచలేదు, అది వాళ్ళకి మామూలు సంగతి. మన దగ్గర చిన్నపిల్లల వేషాలకి పెద్దవాళ్ళు డబ్బింగ్ చెప్పడం ఎప్పటి నుంచో ఉంది. డబ్బింగ్ థియేటర్‌లో పిల్లల్ని గంటలకొద్దీ కూర్చోబెట్టడం కష్టం, లిప్ సింక్ కుదరదు, అనుభవమున్న ఆర్టిస్ట్ అయితే ఒక పూటలో అయిపోతుంది. అది పని జరగడానికి మంచి పద్ధతే. కానీ ఏడేళ్ళ పిల్లకి ఆ లెక్క తెలియదు కదా? నేను మా డైరెక్టర్ గారిని అడిగాను. "నీ గొంతు కీచుగా ఉంది పాపా, టీవీకి బాగోదు" అన్నారు. ఆయన ప్రేమగానే అన్నారు. నెత్తి మీద చెయ్యి వేసి మరీ అన్నారు. ఆ మాట నా దగ్గర పదిహేనేళ్ళు ఉండిపోయింది.

తర్వాత ఏం జరిగిందో చెప్తాను. స్కూల్లో పిల్లలు, "టీవీలో లాగా మాట్లాడవే" అనేవాళ్ళు. నేను మాట్లాడితే, "అలా కాదు, టీవీలో లాగా" అనేవాళ్ళు. అప్పుడు నేను ఆ డబ్బింగ్ గొంతుని అనుకరించడం నేర్చుకున్నాను. అర్థమవుతోందా? నేను నాలా ఉండడానికి ఇంకొకరి గొంతుని ప్రాక్టీస్ చేశాను. ఇంట్లో అద్దం ముందు.

పిల్లలూ, ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్దాం. మన తెలుగులో మొదట ఇలా లేదు. టాకీలు కొత్తగా వచ్చినప్పుడు ప్లేబ్యాక్ అనేది లేదు. తెర మీద ఎవరు కనబడితే వాళ్ళే పాడాలి, అక్కడే, కెమెరా ముందే. అందుకే పాడగలిగిన పిల్లల్ని వెతికి పట్టుకొచ్చేవాళ్ళు. సాలూరి రాజేశ్వరరావు గారి పేరు విన్నారా? పెద్దవాళ్ళు విని ఉంటారు. మల్లీశ్వరి సంగీతం ఆయనదే. ఆయన మొదట సినిమాల్లోకి వచ్చింది సంగీత దర్శకుడిగా కాదు. పన్నెండు, పదమూడేళ్ళ వయసులో, 1935లో వచ్చిన శ్రీకృష్ణలీలలులో చిన్న కృష్ణుడిగా. ఎదురుగా కంసుడు వేమూరి గగ్గయ్య గారు. అంత పెద్ద గొంతు ముందు ఆ కుర్రాడు నిలబడి తన గొంతుతో తన పాటలు పాడాడు. అప్పటికే గ్రామఫోన్ రికార్డులు ఇచ్చి ఉన్నాడు.

అయితే చిన్న కృష్ణుడి వేషం ఎన్నాళ్ళు వేయగలరు? ఆయన కలకత్తా వెళ్ళారు. అక్కడ సైగల్, పంకజ్ మల్లిక్ లాంటి పెద్ద గాయకుల పాటని దగ్గరగా విన్నారు. తిరిగి వచ్చాక ఏం చేశారు? సినిమాలకి సంగీతం చేశారు, సరే. దానితో పాటు సినిమాతో సంబంధం లేకుండా లలితగీతాలు రికార్డుల మీద ఇచ్చారు. ఇవాళ మనం ప్రైవేట్ సాంగ్ అంటున్నామే, అచ్చంగా అదే. కథ లేదు, హీరో లేడు, సందర్భం లేదు. ఒక పాట, ఒక గొంతు. ఇంటింటా గ్రామఫోన్ మీద మోగాయి. పాప్ అనే మాట మనకి రాకముందే మనకి పాప్ ఉంది. ఈ మాట నేను చాలా గర్వంగా చెప్తాను.

ఆయనతో కలిసి ఆ రికార్డుల్లో పాడినావిడ రావు బాలసరస్వతీదేవి గారు. ఆవిడ కథ ఇంకా చిన్నతనంలో మొదలవుతుంది. ఆరేళ్ళకే గ్రామఫోన్ రికార్డు. 1936లో, ఎనిమిదేళ్ళప్పుడు, సతీ అనసూయలో గంగ వేషం. తర్వాత రేడియోలో లలిత సంగీతం. ఆ తర్వాత 1943లో వచ్చిన భాగ్యలక్ష్మి సినిమాలో తెర మీద ఇంకొకరు కనబడుతుంటే ఆవిడ పాడారు. తెలుగులో మొదటి నేపథ్య గాయని అని ఆవిడనే చెబుతారు. అంటే చూడండి, ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది అనే పద్ధతి మన దగ్గర మొదలైనప్పుడు, అటువైపు నిలబడింది కూడా ఒకప్పటి బాలనటే. పెళ్ళయ్యాక ఇంట్లో ఇష్టం లేక సినిమా పాటలు తగ్గిపోయాయి ఆవిడకి. ఆ గొంతు ఇంకా ఎన్నేళ్ళు పాడాల్సింది! ఆ పాత రికార్డులు ఇప్పుడు యూట్యూబ్‌లో ఉన్నాయి. ఇంటికెళ్ళి ఒక్కటి వినండి, నా కోసం.

భానుమతి గారు కూడా అంతే, 1939లో వరవిక్రయంలో నటించేనాటికి పద్నాలుగేళ్ళ లోపు. జీవితాంతం తెర మీద తన పాట తనే పాడుకున్నారు. సినిమా అంతా ప్లేబ్యాక్‌కి మారిపోయాక కూడా ఆవిడ మారలేదు. ఇప్పుడు మన శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఉంది కదా, అక్కడి నాటక కుటుంబాల్లో పిల్లలు ఇప్పటికీ వేషమూ పద్యమూ కలిపే నేర్చుకుంటారు. వేషం ఒకరికీ పద్యం ఇంకొకరికీ ఉండదు. మీరు పిల్లల్ని తీసుకెళ్ళి ఒక్కసారి చూపించండి. అక్కడ చిన్నపిల్ల పద్యం ఎత్తుకుంటే ఆ గొంతు ఆ పిల్లదే.

నేను ప్లేబ్యాక్‌కి వ్యతిరేకం అనుకోకండి. ఎస్.జానకి గారు పసిపిల్లల గొంతుతో పాడిన పాటలు వినే నేను పాట మీద ప్రేమ పెంచుకున్నాను. అంత పెద్దావిడ ఒక చంటిపిల్లలా పాడారంటే, అది ఎంత గొప్ప విద్య! నేను చెప్పేది తెర మీద ఉన్న ఆ పిల్ల గురించి. ఆ పిల్లకి తన గొంతు గురించి ఎవరైనా ఒక మాట చెప్పారా అని.

సరే, నా దగ్గరికి వస్తాను. పదకొండేళ్ళకి వేషాలు తగ్గాయి. పొడుగయ్యాను, ముందు పళ్ళు పెద్దవయ్యాయి. ఫోన్లు ఆగిపోయాయి. అది ఎవరి తప్పూ కాదు. కానీ రోజూ మోగే ఫోన్ ఆగిపోతే ఇంట్లో ఎలా ఉంటుందో మీకు తెలుసా? అందరూ నన్ను జబ్బు చేసిన పిల్లని చూసినట్టు చూసేవాళ్ళు. అప్పుడు అమ్మ, "దీని గొంతు బాగానే ఉంటుంది, పాటల పోటీలకి పంపిద్దాం" అంది. అప్పట్లో టీవీలో పాటల పోటీలంటే పెద్ద పండగ. ఈటీవీలో 1996లో మొదలైన పాడుతా తీయగాలో బాలు గారు పిల్లల తప్పులు దిద్దే తీరు చూసి ఎంతమంది తల్లులు పిల్లల్ని సంగీతంలో చేర్చారో! అమ్మ కూడా చేర్చింది. వారానికి మూడు రోజులు క్లాసు, మిగతా రోజులు పోటీలు.

నాకు అప్పుడు పదమూడు. పిల్లలూ, ఇది జాగ్రత్తగా వినండి. ఈ వయసులో గొంతు మారుతుంది. మగపిల్లలకి మారుతుందని అందరికీ తెలుసు, దాదాపు ఒక స్థాయి మొత్తం కిందికి దిగుతుంది. ఆడపిల్లలకి కూడా మారుతుంది, కాకపోతే తక్కువ, రెండు మూడు స్వరాలు దిగుతుంది. తక్కువ కాబట్టి ఎవరూ పట్టించుకోరు. స్వరపేటిక పెరుగుతుంది, లోపల తంతువులు పొడవవుతాయి, మందమవుతాయి. నిన్న అందిన తారస్థాయి ఇవాళ అందదు. గొంతులో గాలి ఎక్కువ వినిపిస్తుంది. మధ్యలో చీలుతుంది. అది జబ్బు కాదు. ఆ టైంలో కొంచెం కింద శృతిలో, తక్కువ సేపు, మెల్లగా పాడుకుంటే చాలు, దానంతటదే కుదురుకుంటుంది.

నాకు ఎవరూ చెప్పలేదు. నేను చిన్నప్పటి నుంచీ ఆరు శృతిలో, అంటే బాగా ఎత్తు శృతిలో పాడేదాన్ని, ఆరులోనే పాడాలని పట్టు. ఒక పోటీ ఫైనల్‌లో పై పంచమం దగ్గర గొంతు చీలింది. స్టేజీ దిగాక ఏడ్చాను. మర్నాటి నుంచి ఇంకా గట్టిగా సాధన చేశాను, రోజుకి నాలుగు గంటలు. నెలకి మాట బొంగురుపోయింది. ఈఎన్‌టీ డాక్టర్ చూసి, తంతువుల మీద నాడ్యూల్స్, అంటే చిన్న బుడిపెలు వచ్చాయి, మూడు వారాలు మాట్లాడొద్దు అన్నారు. గుసగుసగా కూడా వద్దన్నారు. పలక మీద రాసి చూపించేదాన్ని.

ఆ మూడు వారాల గురించి నేను ఎక్కడా పెద్దగా చెప్పను, ఇవాళ చెప్పాలనిపిస్తోంది. ఆరేళ్ళలో మొదటిసారి నన్ను ఎవరూ ఏమీ చేయమనలేదు. నవ్వమనలేదు, ఏడవమనలేదు, పాడమనలేదు. పలక మీద నాకేం కావాలో నేనే రాయాలి కదా. మొదట్లో "మంచినీళ్ళు", "ఆకలి" అని రాసేదాన్ని. తర్వాత అమ్మకి పెద్ద పెద్ద ముక్కలు రాయడం మొదలుపెట్టాను. "నాకు పోటీలు ఇష్టం లేదు." "నాన్న రాత్రి మిషన్ కుడుతుంటే ఆ చప్పుడుకి పాట కట్టాలని ఉంది." అమ్మ ఆ పలక చాలాసేపు పట్టుకుని కూర్చుంది. నేను మాట్లాడగలిగి ఉంటే ఆ మాటలు నోటితో అనేదాన్ని కాదు. ప్రాంప్టర్ లేకుండా నాకు వచ్చిన మొదటి మాటలు అవి.

తర్వాత రెండేళ్ళు అమ్మ నన్ను ఏ స్టేజీ ఎక్కించలేదు. చుట్టాలు చాలా అన్నారు. "చేతికొచ్చిన పిల్లని ఇంట్లో కూర్చోబెట్టావు" అన్నారు. అమ్మ వినలేదు. ఇవాళ ఇక్కడ నిలబడి మాట్లాడుతున్నానంటే ఆ రెండేళ్ళ వల్లే. ఇంటర్ అయ్యాక రాంకోఠి సంగీత కళాశాలలో చేరాను, ఐదు శృతికి దిగాను, మొదటి నుంచీ మొదలుపెట్టాను.

ఇప్పుడు మీరంతా ఫోన్లలో చూసే అమ్మాయి గురించి చెప్తాను. ఒలీవియా రోడ్రిగో. ఎంతమందికి తెలుసు? చూశారా, ఎన్ని చేతులో. ఆ అమ్మాయి కాలిఫోర్నియాలో పుట్టింది, 2003లో. చిన్నప్పటి నుంచీ పాట నేర్చుకుంది, స్కూల్ నాటకాల్లో వేసింది. 2016లో డిస్నీ ఛానెల్‌లో ఒక కామెడీ సీరియల్‌లో వేషం వచ్చింది. ఆ పాత్ర గిటార్ వాయించాలి. అందుకని గిటార్ నేర్చుకుంది. అంటే వేషం కోసం నేర్చుకున్న వాయిద్యం తర్వాత తన పాటలు కట్టుకోవడానికి పనికొచ్చింది. 2019లో ఇంకో సిరీస్ మొదలైంది. అందులో తన పాత్ర పాడే ఒక పాటని తనే రాసింది. అప్పటికి పదహారేళ్ళు. జనం ఆ పాటని గుర్తుపట్టారు. 2021 జనవరి 8న తన సొంత పాట విడుదలైంది, కొత్తగా డ్రైవింగ్ లైసెన్స్ తీసుకున్న అమ్మాయి ఒంటరిగా కారు నడుపుకుంటూ వెళ్ళే పాట. అమెరికాలో పాటల ర్యాంకుల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో నేరుగా ఒకటో స్థానంలోకి వచ్చి ఎనిమిది వారాలు అక్కడే ఉంది. పాట విడుదలయ్యేనాటికి ఇంకా పద్ధెనిమిది నిండలేదు. మరుసటి ఏడాది మూడు గ్రామీ అవార్డులు.

అమ్మానాన్నలు ఆ ఎనిమిది వారాలే చూస్తారు. దాని వెనక 2016 నుంచి 2021 వరకు ఐదేళ్ళున్నాయి. అప్పుడంతా ఆ అమ్మాయి పొద్దున ఇంకొకరు రాసిన డైలాగులు చెబుతూనే, ఇంటికొచ్చి తన మాటలు రాసుకుంటూ ఉంది. ఇంకొకటి కూడా చెప్పాలి, అక్కడ ఒక వ్యవస్థ ఉంది. పిల్లల ఛానెల్, దానికి సొంత మ్యూజిక్ కంపెనీ, ఆ సీరియల్ చూసే లక్షల మంది పిల్లలు. సీరియల్‌లో పాడిన పిల్ల బయట ఆల్బమ్ వేస్తే కొనడానికి ముందే జనం సిద్ధంగా ఉంటారు. మన దగ్గర ఆ దారి లేదు. మన దగ్గర సినిమా పాటే పాప్. సీరియల్ చేసిన పిల్ల పాటలోకి రావాలంటే మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టాలి. పాడుతా తీయగాలో పాడి, తర్వాత సొంతంగా తెలుగు పాప్ ఆల్బమ్స్ వేసిన స్మిత గారి లాంటి వాళ్ళు ఆ దారిని కొంత చదును చేశారు. ఇప్పుడు తెలంగాణ జానపదం మీద ప్రైవేట్ సాంగ్స్ చేసే కుర్రాళ్ళు దాన్ని ఇంకా పెద్దది చేస్తున్నారు. నాకు చాలా సంతోషం.

అయితే ఆ అమెరికా వ్యవస్థని చూసి మురిసిపోవడానికి కూడా లేదు. 1990ల మొదట్లో అదే డిస్నీ వాళ్ళ పిల్లల షోలో బ్రిట్నీ స్పియర్స్, క్రిస్టినా అగిలేరా, జస్టిన్ టింబర్లేక్ అందరూ ఉన్నారు, పన్నెండేళ్ళ అటూ ఇటూ పిల్లలు. ముగ్గురూ పెద్ద పాప్ స్టార్స్ అయ్యారు. కానీ బ్రిట్నీకి ఏమైంది? 2008 నుంచి 2021 నవంబర్ వరకు, పదమూడేళ్ళపాటు, ఆవిడ సొంత డబ్బు మీద, సొంత నిర్ణయాల మీద ఆవిడకి అధికారం లేదు. కోర్టు ఏర్పాటు. అందులో ఎక్కువ కాలం ఆ అధికారం తండ్రి చేతిలో ఉంది. ముప్ఫై తొమ్మిదేళ్ళు, ఇద్దరు పిల్లల తల్లి, తన జీవితం తనకి తిరిగివ్వమని కోర్టుని అడుక్కోవాల్సి వచ్చింది.

అందుకని ఇప్పుడు డబ్బు గురించి మాట్లాడదాం. అమ్మానాన్నలూ, మీతో పనుంది అన్నది ఇదే. చాప్లిన్‌తో 1921లో నటించిన పిల్లాడు జాకీ కూగన్. అప్పట్లోనే లక్షల డాలర్లు సంపాదించాడు. పెద్దయ్యాక చూసుకుంటే తల్లి, మారుతండ్రి ఖర్చు పెట్టేశారు. 1938లో కోర్టుకి వెళ్ళాడు, చివరికి చేతికొచ్చింది లక్షా ఇరవై ఆరు వేల డాలర్లు మాత్రమే. ఆ గొడవ వల్లే 1939లో కాలిఫోర్నియాలో పిల్లల సంపాదనని కాపాడే చట్టం వచ్చింది. ఇవాళ అక్కడ పిల్లల సంపాదనలో పదిహేను శాతం పక్కన పెట్టాల్సిందే.

మన దేశంలో రూల్ ఉందా? ఉందని ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. మూడు... నాలుగు. ఇంత గదిలో నలుగురికి తెలుసు. చూడండి, బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు, 2017లో రూల్స్ వచ్చాయి. చైల్డ్ ఆర్టిస్ట్ రోజుకి ఐదు గంటలకి మించి పని చేయకూడదు. విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు. వరసగా ఇరవై ఏడు రోజులకి మించి షూటింగ్ పెట్టకూడదు. నిర్మాత జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. ప్రతి ఐదుగురు పిల్లలకి ఒక బాధ్యత గల మనిషి ఉండాలి. చదువు ఆగకూడదు. పిల్ల సంపాదనలో కనీసం ఇరవై శాతం జాతీయ బ్యాంకులో పిల్ల పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి, మేజర్ అయ్యాక పిల్ల చేతికి రావాలి. పిల్లకి ఇష్టం లేకుండా అసలు చేయించకూడదు.

నేను చేసేటప్పుడు ఈ రూల్స్ లేవు. రాత్రి పదకొండు గంటలకి కూడా షాట్ చేశాను, యూనిఫాం మీద నిద్రపోయి అలాగే స్కూల్‌కి వెళ్ళాను. నా డబ్బు ఇంటి అద్దెకి పోయింది. దానికి నాకు బాధ లేదు, ఆ ఇంట్లో నేనూ ఉన్నాను. కానీ మీకు రూల్ ఉంది. సెట్‌లో అడగండి. భయపడకండి, "వీళ్ళు గొడవ చేస్తారు, ఇంకోసారి పిలవద్దు" అంటారని నాకు తెలుసు. అయినా అడగండి. పదిమంది అడిగితే పదకొండో పిల్లకి అడగకుండానే దొరుకుతుంది.

పాట విషయంలో ఇంకో రెండు ముక్కలు. పద్ధెనిమిది నిండని పిల్ల సంతకానికి మన చట్టంలో విలువ లేదు. అందుకని మీ సంతకం తీసుకుంటారు. ఆ కాగితం చదవకుండా పెట్టకండి. "ఈ పాట మీద అన్ని హక్కులూ శాశ్వతంగా" అని ఉంటే ఆగండి, తెలిసిన లాయర్‌కి చూపించండి. 2012లో కాపీరైట్ చట్టం మారింది. పాట రాసినవాళ్ళకి, బాణీ కట్టినవాళ్ళకి రాయల్టీలో వాటా ఉంటుంది, దాన్ని కాగితం మీద రాయించుకుని లాగేసుకోవడానికి వీల్లేదు. పాడినవాళ్ళకి కూడా హక్కులున్నాయి. మీ పిల్ల పదిహేనేళ్ళకి ఒక పల్లవి రాస్తే, అది పొలంలా ఆ పిల్ల ఆస్తి.

నా సంగతి పూర్తి చేస్తాను. పందొమ్మిదేళ్ళప్పుడు ట్రాక్ పాడడం మొదలుపెట్టాను. ట్రాక్ అంటే తెలుసా పిల్లలూ? సంగీత దర్శకుడు బాణీ కట్టాక, ఎలా ఉంటుందో డైరెక్టర్‌కీ హీరోకీ వినిపించడానికి మాలాంటి వాళ్ళతో పాడించుకుంటారు. తర్వాత పెద్ద సింగర్ వచ్చి పాడతారు, మన గొంతు తీసేస్తారు. నలభైకి పైగా పాడాను. రెండు మాత్రం నా గొంతుతోనే ఉండిపోయాయి. చిన్నప్పుడు నా ముఖం ఉంచి గొంతు తీసేశారు, ఇప్పుడు గొంతు కూడా తీసేస్తున్నారు అనిపించేది.

అదే సమయంలో డబ్బింగ్ థియేటర్‌లో చిన్న చిన్న పనులకి వెళ్ళేదాన్ని. ఒకరోజు అక్కడ ఒకావిడ టీ తాగుతూ మాట్లాడుతున్నారు. వెనక నుంచి విన్నాను. నా ఒళ్ళు ఝల్లుమంది. అది నా గొంతు. అంటే, నా ఏడేళ్ళ గొంతు. వెళ్ళి సీరియల్ పేరు చెప్పాను. ఆవిడ నన్ను తేరిపార చూసి, "నువ్వా! రెండేళ్ళు నీ పెదాలు చూస్తూ కూర్చున్నానమ్మా" అన్నారు. "నువ్వు డైలాగ్ ముందు చిన్న ఊపిరి తీసేదానివి. ఆ ఊపిరి నీదే ఉంచమని ఇంజనీర్ గారిని అడిగేదాన్ని. కొన్నిచోట్ల ఉంచారు కూడా" అన్నారు.

నేను ఇంటికెళ్ళి ఆ పాత ఎపిసోడ్స్ సీడీలు వెతికాను. ఒకటి దొరికింది. చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. "అమ్మా" అనే ముందు, చిన్న ఊపిరి. పదే పదే విన్నాను. అన్నేళ్ళూ అక్కడ నేను లేననుకున్నాను. ఉన్నాను.

ఆ రాత్రే పాట రాశాను. సినిమా కోసం కాదు, ఎవరూ అడగలేదు. షూటింగ్ జరిగినన్నాళ్ళూ అమ్మని సెట్ లోపలికి రానిచ్చేవారు కాదు, టిఫిన్ డబ్బా పట్టుకుని స్టూడియో గేటు దగ్గర చెట్టు కింద కూర్చునేది. దాని మీద రాశాను. "గేటు లోపల నేను, గేటు బయట నువ్వు, మధ్యలో వాచ్‌మన్ కుర్చీ" అని మొదలవుతుంది. ఇందిరానగర్‌లో ఒక స్నేహితుడి చిన్న హోమ్ స్టూడియో, తలుపుకి దుప్పట్లు వేలాడదీసి రికార్డ్ చేశాం. నాన్న మిషన్ చప్పుడునే రిథమ్‌గా పెట్టాం. మిక్సింగ్, మాస్టరింగ్, ఒక లిరిక్ వీడియో, అంతా కలిపి ఇరవై ఆరు వేలు. మొదటి వారం పదకొండు వందల మంది విన్నారు. వాళ్ళలో సగం మా చుట్టాలే అయి ఉంటారు. ఆ పాట వల్ల నేను స్టార్‌ని కాలేదు. కానీ ఆ తర్వాత వచ్చిన ప్రతి పాటకీ, ప్రతి షోకీ నన్ను పిలిచినవాళ్ళు ఆ పాట విని పిలిచారు. "ఆ గొంతు కావాలి" అన్నారు. కీచుగా ఉందన్న ఆ గొంతే.

మొన్న నేను ఆ ఫోన్ చేసినావిడకి మళ్ళీ ఫోన్ చేశాను. సాయంత్రం ఆరు దాటాక చేశాను, పాప ఇంట్లో ఉంటుందని. పాపకి ఇవ్వమన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు ఆ పాప. నేనూ తొందరపెట్టలేదు. తర్వాత, "అక్కా, డ్రమ్స్ నేర్పిస్తారా మీ దగ్గర?" అంది. ఇవాళ వచ్చింది, ఇక్కడే ఉంది. ఎక్కడుందో చెప్పను, సిగ్గుపడుతుంది.

ఇక నేను ఆపేస్తాను. ప్రశ్నలు అడగండి. పెద్దవాళ్ళు ఏమీ అనుకోకండి, మీరు తర్వాత. ముందు పిల్లలు. వెనక నుంచి ఎవరూ అందించొద్దు, ఏం అడగాలో వాళ్ళకి తెలుసు, ఎంతసేపైనా ఆగుదాం. మైక్ కొంచెం కిందికి దించండి బాబూ, పిల్లలకి అందాలి. ఊఁ, ఎవరు ముందు?